పెద్దవారి మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా?

ప్రశ్న వేసినవారు: బాల్యం దాటాక మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవని చదువుకున్నాం. వ్యాయామం చేస్తే ఏ వయసులోనైనా పుడతాయని ఇప్పుడు ఆరోగ్య శీర్షికలన్నీ రాస్తున్నాయి. దేనికి ఆధారం ఉంది?

జీవశాస్త్ర అధ్యాపకుడు: పుడతాయనే నా అభిప్రాయం. అయితే మెదడంతటా కాదు, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని ఒక చిన్న భాగంలో. 1950, 60 దశకాల అణుపరీక్షల వల్ల గాలిలో బాగా పెరిగిన కార్బన్-14 (కార్బన్‌లో రేడియోధార్మిక రూపం), బహిరంగ పరీక్షలపై 1963లో నిషేధం వచ్చాక ఏటేటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టినప్పుడు గాలిలో ఉన్న మోతాదే దాని డీఎన్ఏలో నిలిచిపోతుంది కనుక, ఒక కణం ఏ కాలంలో పుట్టిందో దాని డీఎన్ఏలోని కార్బన్-14 మోతాదును బట్టి చెప్పవచ్చు. ఈ పద్ధతిలోనే స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు ఒక్కో హిప్పోక్యాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త నాడీకణాలు చేరుతున్నాయని 2013లో అంచనా వేశారు. మెదడు పైపొరలో మాత్రం నాడీకణాల వయసు, మనిషి వయసు దాదాపు ఒకటేనని అదే పద్ధతి చూపింది.

వైద్య విద్యార్థిని: అయ్యా, అది పరోక్షమైన లెక్క. లేత నాడీకణాలు నిజంగా ఉంటే సూక్ష్మదర్శిని కింద కనబడాలి కదా! 2018లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం వాటి సంఖ్య తొలి ఏళ్లలోనే వేగంగా పడిపోయింది. పెద్దల నమూనాల్లో ఒక్కటీ దొరకలేదు. పెద్ద ఎలుకల్లో కొత్త నాడీకణాలు పుడుతున్నంత మాత్రాన మనుషుల్లోనూ పుడతాయని ఎలా అంటాం?

జీవశాస్త్ర అధ్యాపకుడు: మీ అభ్యంతరం సబబే, కానీ దొరకకపోవడానికి మరో కారణం ఉండవచ్చు. లేత కణాన్ని గుర్తించేందుకు వెతికే డబుల్‌కార్టిన్ అనే ప్రోటీన్, కణజాలాన్ని రసాయనంలో ఎక్కువ కాలం నిల్వ ఉంచితే రంగు పరీక్షకు అందదు. 2019లో స్పెయిన్ పరిశోధకులు ఆ నిల్వ సమయాన్ని 24 గంటలకు మించనివ్వకుండా పరీక్షించి, 87 ఏళ్ల వ్యక్తి మెదడులో సైతం ఆ కణాలను చూపించారు. అవే నిల్వ చేసిన తీరు మారితే కనుమరుగయ్యాయి.

వైద్య విద్యార్థిని: డబుల్‌కార్టిన్ ఉన్న ప్రతి కణమూ అప్పుడే పుట్టినదని రుజువు కావాలిగా? అది పాత కణాల్లోనూ కనబడవచ్చన్న అనుమానం తీరలేదు.

జీవశాస్త్ర అధ్యాపకుడు: అందుకే 2025లో కరోలిన్‌స్కా బృందం లేత కణాలను వదిలి, వాటికి జన్మనిచ్చే విభజన దశలోని కణాలనే వెతికింది. అవి కొందరు పెద్దల్లో చాలా కనిపించాయి, కొందరిలో దాదాపు లేవు.

ప్రశ్న వేసినవారు: మరి వ్యాయామం మాటేమిటి?

వైద్య విద్యార్థిని: చక్రంలో పరుగెత్తిన ఎలుకల్లో కొత్త కణాలు పెరిగాయి. బతికున్న మనిషి మెదడులో వాటిని లెక్కించే సాధనం లేదు కాబట్టి, ఆ శీర్షికలు ఎలుకల ఫలితాన్నే మనకు అంటగడుతున్నాయి.

జీవశాస్త్ర అధ్యాపకుడు: ఈ ఒక్క విషయంలో నాకూ పేచీ లేదు.