ఇంటి సహాయకులను మనమే పెట్టుకునే సీడీపాప్ మేలా, మనిషిని పంపే ఏజెన్సీ మేలా? (న్యూయార్క్ మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా)

క్వీన్స్‌వాసి: సీడీపాప్‌లో మెడికెయిడ్ ఉన్న మనిషే సహాయకులను ఎంచుకుంటారు, పని నేర్పుతారు, నచ్చకపోతే మాన్పిస్తారు. నా ఓటు దీనికే. ఇన్సులిన్ సంగతి ఒక్కటి చాలు. మామూలు ఏజెన్సీ అటెండెంటు సూది వేయకూడదు. సీడీపాప్ సహాయకులు నర్సు లైసెన్సు లేకున్నా వేయొచ్చు, గొంతు గొట్టంలో కఫం కూడా తీయొచ్చు.

వేణి_నర్సు: నేర్పేదెవరండీ? రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ చర్మం కింద గడ్డకట్టి మందు సరిగ్గా ఎక్కదు. సూది వేశాక భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది.

క్వీన్స్‌వాసి: రాసి ఫ్రిజ్‌కి అంటించాలి. ముందు షుగర్ రీడింగ్. 70 కన్నా తక్కువుంటే సూది ఆపి అరకప్పు జ్యూస్, 15 నిమిషాలకు మళ్లీ రీడింగ్. ఇది నేర్చుకోలేనంత పనా?

గోదారిగట్టు: జీతాల సంగతీ చూడండి. 2025 ఏప్రిల్ నుంచి ఆ లెక్కలన్నీ పీపీఎల్ అనే ఒక్క సంస్థకే మళ్లించారు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ నమోదు కాకపోతే సరిదిద్దేదాకా డబ్బు ఆగుతుంది.

వేణి_నర్సు: సహాయకురాలికి జ్వరమొస్తే? ఏజెన్సీ ఇంకొకరిని పంపాలి. ఇక్కడ బదులు మనిషిని వెతుక్కోవాల్సింది రోగే.

క్వీన్స్‌వాసి: మొదటి రోజే ఇద్దరిని చేర్పించాలి. ఆరోగ్య పరీక్ష, అమెరికాలో పనిచేసే అర్హత చూపే ఐ-9 కాగితాలు ఇద్దరివీ ముందే పూర్తవ్వాలి. ప్రతిదానికీ అడ్డం పడతారేంటి? నర్సుల పని పోతుందనా?

వేణి_నర్సు: ఆ మాట వెనక్కి తీసుకోండి. నా భయం సూది గురించి కాదు. భార్యాభర్తలకు జీతం ఇవ్వరు, రోగి తరఫున నిర్ణయాలు చెప్పే ప్రతినిధికీ ఇవ్వరు. కోడలికి ఇస్తారు. కొడుకు ప్రతినిధి, కోడలు సహాయకురాలు, ముగ్గురిదీ ఒకే ఇల్లు. రాసిన గంటల్లో సగం పని కూడా జరగకపోతే రోగి అయిన ఆ అత్తగారు ఎవరిని మాన్పించాలి?

గోదారిగట్టు: ఒకే ఇంట్లో ఉండే బంధువును పెట్టాలంటే, ఆ మనిషి అక్కడ ఉండక తప్పనంత సేవ అవసరమై ఉండాలి. ఊరికే కుదరదు.

క్వీన్స్‌వాసి: సొంతంగా నిర్ణయం చెప్పగలిగితే ప్రతినిధే అక్కర్లేదు వేణిగారూ. గంటలు ఆవిడే ఫోనులో ఆమోదిస్తారు. కోడలు కాకపోతే తెలుగులో మాట్లాడే మనిషి దొరికేదెక్కడ?

వేణి_నర్సు: తెలుగు మనిషినే పెట్టండి, ఇంటి బయటి మనిషిని. ఆవిడ ఆమోదిస్తారంటున్నారు. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది?