ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్‌కి రెండు గంటలు, తిరిగి రావడానికి నాలుగా?

ప్రశ్న:
అమ్మానాన్న విజయవాడ నుంచి మా దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. వచ్చే నెల లిస్బన్ తీసుకెళ్దామని టికెట్లు తీశాను. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. టైమ్‌టేబుల్ కనిపిస్తే చాలు, పెన్ను తీస్తారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 9:30కి బయల్దేరితే లిస్బన్‌లో 11:35. తిరిగొచ్చేటప్పుడు 12:30కి బయల్దేరి 16:25కి దిగుతాం. "పోను రెండుగంటల ఐదు నిమిషాలు, రాను మూడుగంటల యాభై ఐదు. అంటే వచ్చేటప్పుడు చుట్టు తిప్పి తెస్తారన్నమాట" అని టికెట్ ప్రింటు వెనకాల లెక్కేసి ఫ్రిజ్‌కి అంటించారు. టైమ్ తేడా నాన్నా అన్నాను. "పక్కనున్న స్పెయిన్‌కి లేని తేడా పోర్చుగల్‌కి ఎందుకు?" అంటే నా దగ్గర జవాబు లేదు. అసలు దూరమెంత? గాల్లో ఎంతసేపుంటాం?

జవాబు 1:
టికెట్ మీద ఉండేవి ఎక్కడికక్కడ స్థానిక సమయాలు. పోర్చుగల్ గంట వెనక. పోను 3:05, రాను 2:55. అంతే.

జవాబు 2:
ఆరేళ్లుగా లిస్బన్‌లో ఉంటున్నాను, మా మావయ్యకీ ఇదే పంచాయితీ అయింది. విమానం దారిన దూరం 1,870 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మీ నాన్నగారికి ఇలా చెప్పండి: విజయవాడ నుంచి ఢిల్లీకి పట్టాల మీద ఎంతో, దానికి ఇంకో వంద పైన.

ఆ మూడు గంటలూ గాల్లోనే ఉండరు. గేటు దగ్గర విమానం కదిలిన దగ్గర్నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క అది. రన్‌వే దాకా పాకడం, దిగాక మళ్లీ పాకడం అన్నీ అందులోనే. గాల్లో ఉండేది రెండున్నర గంటలకి కాస్త అటూ ఇటూ. ఆ పది నిమిషాల తేడా గాలిది. పైన ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.

స్పెయిన్ సంగతి ఆయన బాగా పట్టుకున్నారు. 1940లో స్పెయిన్ నియంత ఫ్రాంకో అక్కడి గడియారాన్ని గంట ముందుకు జరిపాడు, మళ్లీ వెనక్కి తిప్పలేదు. పోర్చుగల్ కూడా 1992లో జర్మనీ టైముకి మారి చూసింది. చలికాలం పిల్లలు చీకట్లో బడికి పోవాల్సొస్తోందని గోల, 1996లో పాత టైముకే వచ్చేశారు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం జర్మనీలోనూ పోర్చుగల్‌లోనూ ఒకే క్షణంలో జరుగుతుంది కాబట్టి తేడా ఎప్పుడూ గంటే.

జవాబు 3:
టికెట్ మీద ఫ్రాంక్‌ఫర్ట్ అనే ఉందా, ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అని ఉందా? హాన్ వేరే విమానాశ్రయం, ఫ్రాంక్‌ఫర్ట్ ఊరికి 120 కిలోమీటర్ల దూరం. చవగ్గా వస్తోందని నేనోసారి చూడకుండా కొనేశాను. తెల్లారుజామున మూడింటికి బస్సు కోసం నిలబడ్డప్పుడు తెలిసింది ఎంత మిగిలిందో.

ప్రశ్న అడిగినవారు:
హాన్ కాదు, బతికిపోయాం. నాన్నకి చదివి వినిపించాను. "గేటు నుంచి గేటుకి" అన్న మాట దగ్గర తలూపారు. ఫ్రిజ్ మీద అంకెలు కొట్టేసి 3:05, 2:55 అని దిద్దారు. కింద ఇంకో ప్రశ్న రాశారు: తిరుగు టికెట్ మీద టెర్మినల్ 2 అని ఎందుకుంది?

జవాబు 2:
చవక విమానాలు చాలావరకు అక్కడి నుంచే బయల్దేరతాయి. మెట్రో మిమ్మల్ని టెర్మినల్ 1 దగ్గర దింపుతుంది, అక్కణ్ణుంచి ఉచిత బస్సుంటుంది. దానికో అరగంట వేసుకోమనండి.