పాత కారు టైర్లు పదకొండు ఉన్నాయి, ఎవరికి ఇవ్వాలి?

సింగ్‌నగర్_మేడమెట్లు:
అందరికీ నమస్తే. మాది విజయవాడ, సింగ్ నగర్. మేడ మెట్ల కింద పాత కారు టైర్లు పదకొండు పోగుపడ్డాయి. మా నాన్నగారు టైర్లు మార్చిన ప్రతిసారీ పాతవి షాపులో వదలకుండా డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చేవారు, ఎప్పటికైనా పనికొస్తాయిరా అని. నిజానికి మావి తొమ్మిదే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు ఎవరివో ఇంకో రెండు కొట్టుకొచ్చి మా మెట్ల కింద చేరాయి. చుట్టుపక్కల అందరి సామాన్లూ పోతే మాకు మాత్రం టైర్లు పెరిగాయి.

మొన్న శుక్రవారం డ్రై డే అని వచ్చిన ఆశా కార్యకర్త ఒక టైరు వంచి, లోపల నిలిచిన నీళ్ళు మగ్గులోకి వంపి చూపించింది, అందులో దోమ పిల్లలు గిలగిలా తిరుగుతున్నాయి. ఆ రోజు నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. చెత్త బండి వాళ్ళు తీసుకోం అన్నారు. పాత ఇనుము కొనే ఆయన రిమ్ములుంటే ఇవ్వండి, రబ్బరు నాకెందుకు అన్నాడు. వీధిలో కుర్రాళ్ళు మాత్రం భోగికి ఇచ్చేయమని రోజూ అడుగుతున్నారు. ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుందా, లేక ఆటోనగర్ తీసుకెళ్తే ఎవరైనా కొంటారా? డబ్బులు పెద్దగా రాకపోయినా ఫర్వాలేదు, నాన్నగారితో "అమ్మేశాం" అని చెప్పుకునేలా ఉంటే చాలు.

పంక్చర్_బాబాయ్:
తమ్ముడూ, ఆటోనగర్‌లో టైర్ల పనిలోనే ఇరవై ఏళ్ళు గడిచాయి కాబట్టి చెప్తున్నా. అన్నీ ఒకేసారి ఆటోలో వేసుకుని రాకు, ఆటో కిరాయి కూడా రాదు. ముందు ఇంట్లోనే పనికొచ్చేవి, పనికిరానివి అని రెండు కుప్పలు పెట్టు. టైరు పక్కన డాట్ అనే ఇంగ్లిష్ అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి చూడు, 2316 అని ఉందనుకో, 2016లో ఇరవైమూడో వారం తయారైందని. నువ్వు చెప్పేదాన్ని బట్టి మీ నాన్నగారి కలెక్షన్‌లో సగం పదేళ్ళు దాటినవే ఉంటాయి. గాడిలో అక్కడక్కడా చిన్న గట్టులాంటివి ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. పైన రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. పక్కన ఉబ్బినవి, పగుళ్ళు బారినవి, లోపలి ఇనుప తీగ బయటపడినవి కూడా ఆ పనికిరాని కుప్పలోకే.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తా. పనికిరాని వాటిని ఎవరికి ఇచ్చినా, ఇచ్చేముందు పక్కభాగం కోసెయ్. ఎందుకంటే అరిగిన టైరుకి మళ్ళీ గాడి కోసి, నల్లరంగు పూసి, మెరిపించి సెకండ్ హ్యాండ్ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. హైవే మీద ఎండాకాలం నూరు దాటి వెళ్తుండగా అది పేలితే ఎవరింట్లో ఏడుపో చెప్పలేం. లారీ టైర్లకి రబ్బరు ఎక్కిస్తారు, ఆర్టీసీకైతే సొంత రీట్రెడింగ్ షాపులే ఉన్నాయి. కారు రేడియల్ టైర్లకి మాత్రం ఆ పని దాదాపు ఎవరూ చేయరు. మంచివి ఒకటీ రెండూ ఉంటే స్టెప్నీకి అడిగేవాళ్ళు దొరుకుతారు. మిగతావి రీసైక్లింగ్‌కి సరుకు పంపే గోడౌన్‌కి ఊరికే ఇచ్చినట్టే అనుకో. వచ్చేసారి కొత్త టైర్లు వేయించినప్పుడే పాతవి ఆ షాపులోనే వదిలెయ్, బిల్లులో ఎంతో కొంత తగ్గించమని అడుగు, తగ్గిస్తారు.

బ్రాడీపేట_రెండోలైన్:
బాబాయ్ చెప్పింది కరెక్టే కానీ, కోయకముందు ఒక నాలుగు నాకు ఇవ్వండి సార్. గుంటూరు నుంచి నేనే వచ్చి తీసుకెళ్తా. మాకు ఊళ్ళో మిరప ఉంది, కల్లంలో కాయ మీద కప్పిన పట్టా గాలికి లేవకుండా టైర్లు పెడతాం, రాళ్ళైతే పట్టా చిరుగుతుంది. తీగ కనిపించేవి మాత్రం వద్దు. మా పెదనాన్న గారు గడ్డివాము మీద అలాంటివి పెడితే తీగ ముక్కలు గడ్డిలో పడి గేదె మింగేసింది, డాక్టర్ చూసి కడుపులో గుచ్చుకుందన్నాడు, పాపం చూడ్డానికే బాధగా ఉండేది.

కృష్ణలంక_పిన్ని:
భోగికి మాత్రం ఇవ్వొద్దు బాబూ, దండం పెడతాను. భోగిమంట అంటే పిడకలు, పాత కర్రలు. టైరు మండితే నల్లగా జిడ్డు పొగ లేస్తుంది, అందులో గంధకం, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్ లాంటివన్నీ ఉంటాయి, తెల్లవారుజామున మంచుకి ఆ పొగ పైకి పోకుండా వీధిలోనే తిరుగుతుంది. పోయినేడాది మా సందులో రెండు టైర్లు వేశారు, ఆయాసం ఉన్న మా అత్తగారు పండగ మూడు రోజులూ మంచం దిగలేదు. బూడిదలో మిగిలిన ఇనుప తీగలు ముగ్గులు వేసేటప్పుడు నా కాలికి గుచ్చుకున్నాయి. కాలుష్య నియంత్రణ మండలి ఏటా వద్దని చెప్తూనే ఉంటుంది, వినేదెవరు.

ఇంకోటి, ఆ దోమ సంగతి. డెంగీ దోమ గుడ్లు నీళ్ళు ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి, వారం పది రోజుల్లో దోమ ఎగిరిపోతుంది. అందుకే నీళ్ళు పారబోసి సరిపెట్టుకోవద్దు, లోపల అంచు బ్రష్షుతో రుద్ది, వాన తగలని చోట పెట్టు.

మెకానికల్_సోది:
రూల్స్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. 2022 నుంచి టైర్ల కంపెనీలు, దిగుమతి చేసుకునేవాళ్ళు తాము మార్కెట్లో వదిలిన సరుకుకి తగ్గట్టు రీసైక్లింగ్ జరిగినట్టు సర్టిఫికెట్లు చూపించాలి, అవి రిజిస్టర్ అయిన రీసైక్లర్ల దగ్గర నుంచే రావాలి. పొడి రబ్బరు చేసి రోడ్డు తారులో కలుపుతారు, మళ్ళీ వాడుకునేలా మెత్తబరిచి రీక్లెయిమ్ రబ్బరు చేస్తారు. గాలి తగలకుండా బాగా వేడిచేసి నూనె తీసే పద్ధతి కూడా ఉంది, అది సరైన ఫ్యాక్టరీలో చేస్తే ఒక రకం, పొలాల మధ్య రేకుల షెడ్డులో చేస్తే ఇంకో రకం. అందుకే రోడ్డు మీద అరుచుకుంటూ వచ్చే పాత సామాన్ల బండికంటే బాబాయ్ చెప్పిన గోడౌన్ నయం. టైర్లలో ఆకుకూరలు పెంచమని సలహా ఇచ్చేవాళ్ళు ఇంకా రాలేదు, వస్తే వినొద్దు, పూలమొక్కలు చాలు, అదీ అడుగున కన్నాలు పెట్టాక.

సింగ్‌నగర్_మేడమెట్లు:
అందరికీ థాంక్స్. అప్‌డేట్: గుంటూరు అన్న ఆదివారం వచ్చి నాలుగు తీసుకెళ్ళారు, ఎండుమిరపకాయలు రెండు కిలోలు ఇచ్చారు, నాన్నగారు దాన్నే అమ్మకం కింద లెక్కేసుకున్నారు. ఐదు కోసి ఆటోనగర్‌లో ఇచ్చాం, ఆటో కిరాయి మాదే. భోగి కుర్రాళ్ళకి పాత మంచం కోళ్ళు ఇచ్చాం. వరదకి వచ్చిన రెండు టైర్లు వెనక వీధి మాస్టారివని తేలింది, తీసుకెళ్ళండి సార్ అంటే, "అవి నీకే ప్రాప్తం బాబూ" అని గేటు వేసేసుకున్నారు. ఆ రెండింటిలో ఒకటి బాగానే ఉందని నాన్నగారు మళ్ళీ డిక్కీలో పెట్టేశారు.