అప్‌డేట్: ఖరీదైన సూపర్‌మార్కెట్‌లో 4 వారాలు కొన్నాక

ఖరీదైన సూపర్‌మార్కెట్‌లో కొంటే పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుందా అని ఇంతకు ముందు అడిగాను కదా. 4 వారాలు అక్కడా, మామూలు షాపులోనూ కొని చూశాం. ఉప్పు, పంచదార, సబ్బుపొడి లాంటివాటిలో నాకు ఏ తేడా కనిపించలేదు. ప్యాకెట్ ధర కాదు, కిలోకి ఎంత పడుతుందో చూడమన్న సలహా చాలా పనికొచ్చింది. రెండు ప్యాకెట్లు ఒకే సైజులో కనిపిస్తాయి, తీరా చూస్తే ఒకదాంట్లో 500 గ్రాములు, ఇంకోదాంట్లో 400 గ్రాములే!

పండ్లు, ఆకుకూరలు మాత్రం అక్కడివే ఎక్కువ రోజులు నిలిచాయి. పారేసేది బాగా తగ్గింది, ఇది నేను అస్సలు అనుకోలేదు. ఇప్పుడు అవి అక్కడ, మిగతావన్నీ మామూలు షాపులో, అదీ లిస్టు రాసుకుని వెళ్లి కొంటున్నాం. నెలాఖరు టెన్షన్ తగ్గింది. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.