304 షీటు మడత 90 దగ్గర నిలవట్లేదు, 93కి తెరుచుకుంటోంది

పాలకొల్లు షెడ్డు:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఇన్నాళ్ళూ రైస్ మిల్లుల పనే చేశాను. హాపర్లు, చూట్లు, ఎలివేటర్ బకెట్లు, అన్నీ ఇనప రేకుతోనే. ఈసారి భీమవరం వైపు రొయ్యలు ఒలిచే షెడ్డుకి టేబుళ్ళు ఒప్పుకున్నాను. 1.5 ఎంఎం 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు షీటు, 8×4 అడుగుల సైజు. చుట్టూరా 40 ఎంఎం కిందికి మడత, దాని చివర మళ్ళీ 15 ఎంఎం లోపలికి. బెండింగ్ మెషిన్ పాతది, 60 టన్నులు, రెండున్నర మీటర్లు. డై, అంటే కింద గాడి ఉన్న అచ్చు, 12 ఎంఎం వీ, 88 డిగ్రీలు. పైనుంచి దిగి షీటుని అందులోకి నొక్కే పంచ్ కూడా 88.

ఇనప రేకు ఇదే డైలో చక్కగా మూలమట్టానికి అతుక్కునేది. ఇది మాత్రం పంచ్ పైకి లేవగానే 92, ఒక్కోటి 93. ఇంకాస్త గట్టిగా దించితే డై గీతలు పడుతున్నాయి గానీ కోణం మారట్లేదు. పైగా పొడుగు వైపు ఒకలా, పొట్టి వైపు ఒకలా వస్తోంది. మూలల్లో వేలు దూరేంత సందు, వెల్డింగుకి ఎలా కలుపుతాం? 14 షీట్లు తెచ్చాను, రెండు పాడయ్యాక పని ఆపేశాను. దారి చెప్పండి.

మండపేట మిల్లు మెకానిక్:
పంచ్ దిగాక పెడల్ వదలకుండా పది లెక్కపెట్టు అన్నాయ్. రేకు అలవాటు పడిపోద్ది.

తణుకు గ్యాస్ వెల్డర్:
వంచే గీత పొడుగునా టార్చి పెట్టి కాస్త ఎర్రబడనియ్. తర్వాత వంచు. వెనక్కి రమ్మన్నా రాదు.

టూల్‌రూమ్ పెద్దాయన:
పాలకొల్లు బాబూ, ముందు ఆ టార్చి పక్కన పెట్టు. 304ని 450 నుంచి 850 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య వేడిలో ఉంచితే అందులోని క్రోమియం, కార్బన్‌తో కలిసి రేణువుల అంచుల్లో చేరిపోతుంది. ఆ అంచుల పక్కన తుప్పుని ఆపే క్రోమియం తగ్గిపోతుంది. మామూలు వంటింట్లో అయితే ఏళ్ళు పడుతుందేమో గానీ, ఐసునీళ్ళు, ఉప్పు, రొయ్య తొక్కల మధ్య నీ మడత గీత మీదే ముందు ఎర్రమచ్చలు లేస్తాయి. పైగా 8 అడుగుల షీటుకి ఒక గీత మీద వేడి తగిలితే అప్పడంలా మెలి తిరుగుతుంది. తర్వాత ఏ డై దాన్ని దారికి తేలేదు.

పది లెక్కపెట్టడం వల్ల హాని లేదు, లాభమూ పెద్దగా లేదు. చల్లటి స్టీలు పట్టుకున్నంతసేపు అలవాటు పడే సరుకు కాదు. పాత మెషిన్లో పంచ్ కిందిదాకా దిగడానికే అర సెకను ఆలస్యమవుతుంటే, ఆ అర సెకను ఆగడం మేలు. అంతకంటే ఆగితే పోయేది నీ టైమే.

ఇప్పుడు అసలు సంగతి. షీటుని వంచినప్పుడు బయటి పొర సాగుతుంది, లోపలి పొర నలుగుతుంది. ఆ రెండూ శాశ్వతంగా మారిపోతాయి. మధ్య పొర మాత్రం సాగే హద్దు దాటదు, స్ప్రింగులా ఉండిపోతుంది. పంచ్ లేవగానే అది తన చోటికి పోవాలని లాగుతుంది, బయటి పొరల్లో మిగిలిన లాగుడు దానికి తోడవుతుంది. అదే నువ్వు చూస్తున్న రెండు మూడు డిగ్రీలు. దాన్ని లేకుండా చేయలేం. ముందే లెక్కేసుకుని, అంత ఎక్కువ వంచడమే మన పని.

నీ గొడవకి మొదటి కారణం నువ్వే రాశావు, గమనించలేదంతే. 1.5 ఎంఎం ఇనప రేకు వెనక్కి వచ్చేది ఒక డిగ్రీ లోపు. 89కి నొక్కితే 90కి నిలుస్తుంది, 88 డైలో ఆ చోటు ఉంది. 304 రెండు నుంచి మూడు డిగ్రీలు వస్తుంది. అంటే పంచ్ కింద ఉన్నప్పుడు కోణం 87 కావాలి. 88 డైలో 87 ఎక్కడినుంచి వస్తుంది? షీటు డై గోడలకి ఆనుకుని ఆగిపోతోంది. ఆ తర్వాత నువ్వు ఎంత దించినా బలమంతా గీతలు పడడానికే పోతోంది.

85 డిగ్రీల డై, పంచ్ జత తెప్పించు. దొరక్కపోతే 30 డిగ్రీల కోసు పంచ్, దానికి తగ్గ డై తీసుకో. షీటు గోడలకి తగలకుండా గాలిలోనే వంగుతుంది, ఎంత కావాలంటే అంత ఎక్కువ వంచుకోవచ్చు.

అమలాపురం ఫోల్డింగ్:
గురువుగారూ, ఒక సందేహం. నేను సర్టిఫికెట్లు చూశాను. 304కి యీల్డ్, అంటే శాశ్వతంగా వంగడం మొదలయ్యే బలం, కనీసం 205 మెగాపాస్కల్, మనం వాడే ఇ250 ఇనుముకి 250. అంటే స్టీలే మెత్తన కదా? మెత్తనిది ఎక్కువ ఎలా తెరుచుకుంటుంది?

టూల్‌రూమ్ పెద్దాయన:
మంచి ప్రశ్న. ఆ 205 వంచకముందు లెక్క. 304 వంగుతున్నకొద్దీ గట్టిపడుతుంది, మడత పూర్తయ్యేసరికి ఆ గీత దగ్గర అది వేరే స్టీలు. గట్టిపడిన సరుకు గట్టిగానే వెనక్కి లాగుతుంది. ఇంకొకటి, ఒకే వీలో వేసినా రెండింటి లోపలి గుండ్రం ఒకటి కాదు. ఇనుముకి వీ వెడల్పులో సుమారు 16 శాతం వస్తే, 304కి 20 శాతం వస్తుంది. 12 వీలో అయితే 1.9, 2.4 ఎంఎం అన్నమాట. గుండ్రం పెరిగితే మధ్యలో స్ప్రింగులా మిగిలే భాగం కూడా పెరుగుతుంది. బిగువైన మడత తక్కువ తెరుచుకుంటుంది, వదులు మడత ఎక్కువ తెరుచుకుంటుంది.

అల్యూమినియంతో ఐసు పెట్టెలు చేసేవాళ్ళు ఇది తెలియక తిట్టుకుంటుంటారు. అల్యూమినియం చేతికి మెత్తన, కానీ దాని సాగుదల మాడ్యులస్ 70 గిగాపాస్కల్, స్టీలుకి 200 దాకా. అదే బలానికి అది మూడింతలు సాగుతుంది, అందుకే గట్టి రకం అల్యూమినియం రేకు అంత తెరుచుకుంటుంది.

పాలకొల్లు షెడ్డు:
అమ్మయ్య, డై సంగతి ఇప్పుడు అర్థమైందండి. తెలిసినాయన ఒకరు మొన్న “బాటమింగ్ చెయ్, పంచ్‌ని డై అడుగుదాకా కుక్కెయ్, అసలు తెరుచుకోదు” అన్నారు. అది చేయచ్చా?

టూల్‌రూమ్ పెద్దాయన:
చిన్న బ్రాకెట్‌కి చేయచ్చు. నీ టేబుల్‌కి వద్దు. ఎందుకో లెక్క చూడు. మందాన్ని మందంతో గుణించి, 650తో గుణించి, వీ వెడల్పుతో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోన్యూటన్లో వస్తుంది. అది ఇనుముకి. 2.25ని 650తో గుణించి 12తో భాగిస్తే 122. స్టెయిన్‌లెస్‌కి ఒకటిన్నర రెట్లు, అంటే 183. మీటరుకి పద్దెనిమిదిన్నర టన్నులు దాటింది. నీ పొడుగు వైపు 2.44 మీటర్లు, మొత్తం 45 టన్నులు. ఉత్త గాలి మడతకే 60 టన్నుల మెషిన్లో ముప్పాతిక భాగం అయిపోయింది. బాటమింగ్‌కి దీనికి మూడు నుంచి అయిదు రెట్లు కావాలి. ఏది ముందు వంగుతుందో ఆలోచించుకో, షీటా, మెషిన్ బల్లా?

గుండ్రం తగ్గిద్దామని 10 వీకి పోతే పొడుగు వైపు 54 టన్నులు పడుతుంది. పాత మెషిన్ని అంతదాకా లాగకు. పొట్టి వైపుకి కావాలంటే వేసుకో, కానీ అప్పుడు రెండు వైపులా గుండ్రాలు తేడా వచ్చి మూలలు మళ్ళీ కలవవు. అన్నిటికీ 12 వీ మీదే ఉండు.

రామచంద్రపురం బోట్లు:
పొడుగు మడతల్లో మధ్యలో ఎంత వస్తోంది, చివర్లలో ఎంత వస్తోంది? మా దగ్గర చివర్లు 90, నడుమ 92 వచ్చేది. స్ప్రింగ్‌బ్యాక్, అంటే రేకు వెనక్కి తెరుచుకోవడం అని నెల్లాళ్ళు కొట్టుకున్నాం. చూస్తే మెషిన్ బల్లే నడుమ కిందికి వంగుతోంది.

పాలకొల్లు షెడ్డు:
ఇప్పుడే కొలిచానండి. పొడుగు మడతలో రెండు చివర్లా 92, నడుమ 93కి కొంచెం పైన.

రామచంద్రపురం బోట్లు:
అయితే ఆ చివరి డిగ్రీ షీటుది కాదు, మెషిన్‌ది. డై కింద నడుమ భాగంలో షిమ్, అంటే ఎత్తు సరిచేసే పలచటి ముక్క, పెట్టు. 12 వీలో లోతు 0.1 ఎంఎం మారితే కోణం దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. కాబట్టి నడుమ 0.1 ఎంఎం షిమ్, దానికి అటూ ఇటూ 0.05, చివర్లలో ఏమీ వద్దు. మేం మొదట్లో పెళ్ళి శుభలేఖ ముక్కలు పెట్టాం, రెండు రోజుల్లో నలిగిపోయాయి. షిమ్ స్టీలు కొను, ఖరీదేం కాదు.

అజ్జరం ఇత్తడి పని:
మా ఊళ్ళో ఇత్తడి బిందె కొడుతుంటే గట్టిపడుతుంది, కొలిమిలో కాల్చి మెత్తబరిచి మళ్ళీ కొడతాం. తణుకు తమ్ముడు చెప్పింది ఇత్తడి విషయంలో తప్పేం కాదు. కాకపోతే మేం వస్తువంతా కాలుస్తాం, ఒక గీతని కాదు. స్టెయిన్‌లెస్ నాకు తెలియదు, పెద్దాయన మాటే వినండి.

టూల్‌రూమ్ పెద్దాయన:
బాగా చెప్పారు. స్టెయిన్‌లెస్‌ని కూడా మెత్తబరచవచ్చు, కానీ 1000 డిగ్రీలు దాటించి వెంటనే చల్లార్చాలి. షెడ్డులో అయ్యే పని కాదు.

పాలకొల్లూ, పొడుగు వైపుకీ పొట్టి వైపుకీ తేడా అన్నావు కదా. 8×4 షీటులో రోలింగ్ దారి, అంటే తయారీలో రోలర్ల మధ్య షీటు సాగిన దిశ, 8 అడుగుల వెంట ఉంటుంది. పొడుగు మడత ఆ దారి వెంబడి, పొట్టి మడత దానికి అడ్డంగా. రెండూ ఒకేలా తెరుచుకోవు. అందుకని ఒక్క సెట్టింగుతో నాలుగు వైపులా వంచకు. ఒక షీటు నుంచి 100 ఎంఎం ముక్కలు రెండు కోయి. ఒకటి దారి వెంట, ఒకటి అడ్డంగా వంచు. పంచ్ కింద ఉండగా ఎంత, లేచాక ఎంత, మెషిన్ మీదే మార్కర్‌తో రాసి పెట్టుకో. ఆ పని చేసేముందు ప్రతి షీటునీ నాలుగు మూలలా మైక్రోమీటర్‌తో కొలువు. 16 గేజ్ అని అమ్మేదాంట్లో 1.6 ఉంటుంది, 1.4 కూడా ఉంటుంది. పలచన షీటుకి పంచ్ అదే లోతు దిగితే కోణం తక్కువ వంగుతుంది, తెరుచుకోవడం ఎక్కువ.

అమలాపురం ఫోల్డింగ్:
మాకు ప్రెస్ లేదండి, చేతి ఫోల్డింగ్ మెషినే. 1.2 ఎంఎం దాకా వంచుతాం. దీనికేమన్నా చెబుతారా?

టూల్‌రూమ్ పెద్దాయన:
పై బారు అంచుని మడత గీతకి దగ్గరగా జరుపు, గుండ్రం చిన్నదవుతుంది. వంచే ఆకుని (పైకి లేచే పలకని) 90 దాటించి ఎత్తు. ఇంకా తెరుచుకుంటే చెక్క దిమ్మ ఆనించి నైలాన్ సుత్తితో గీత వెంట వరసగా దెబ్బలు, ఒకేచోట కాదు. ఇనప సుత్తి పట్టుకుంటే ఆ మచ్చ పాలిష్‌కి కూడా పోదు.

పాలకొల్లు షెడ్డు:
నాలుగు రోజులు మాయమయ్యాను, క్షమించండి. 85 డై, పంచ్ జత తెప్పించాను. షిమ్ కూడా పెట్టాను. ముక్కలు వంచి చూస్తే దారి వెంట 2.5, అడ్డంగా 2 డిగ్రీలు. ఆ లెక్కన వంచితే మొదటి టేబుల్ నాలుగు మూలలూ అగరొత్తి దూరనంతగా కలిశాయి. మా ఆవిడ కూడా వచ్చి చూసింది.

కానీ మూడో టేబుల్ మళ్ళీ 93. అదే సెట్టింగు, మందం కూడా 1.5 ఉంది. దిమ్మ తిరిగిపోయింది.

టూల్‌రూమ్ పెద్దాయన:
ఆ షీటు 304 అని ఎవరు చెప్పారు?

పాలకొల్లు షెడ్డు:
కొట్టువాడండి. అయస్కాంతం పెట్టి చూపించాడు, అంటుకోలేదు.

టూల్‌రూమ్ పెద్దాయన:
202 అని ఇంకో రకం స్టెయిన్‌లెస్ ఉంది, దానికి కూడా అంటుకోదు బాబూ. పైగా 304నే మడత పెడితే ఆ గీత దగ్గర కాస్త అంటుకుంటుంది, అది చూసి మంచి షీటుని నకిలీ అని గొడవపడినవాళ్ళని చూశాను. అయస్కాంతంతో ఏదీ తేలదు. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ వేస్తారు. దాని యీల్డ్ కనీసం 260, వంచేకొద్దీ 304 కంటే ఇంకా గట్టిపడుతుంది. నీ మెషిన్ అబద్ధం చెప్పట్లేదు, షీటు మారిందని చెబుతోంది. స్టీలు స్క్రాప్ కొనేవాళ్ళ దగ్గర చుక్కల మందు, చిన్న బ్యాటరీ ఉంటాయి. చుక్క వేస్తే మాంగనీస్ ఎక్కువున్నదానికి రంగు మారుతుంది. మిగిలిన షీట్లన్నిటికీ వేయించు.

పాలకొల్లు షెడ్డు:
వేయించానండి. మిగిలిన వాటిలో మూడు 202. ఒకే బిల్లు, ఒకే కట్ట. ఆ మూడో టేబుల్ పక్కన పెట్టేశాను. కొట్టువాడు వంచని రెండూ వెనక్కి తీసుకుంటానన్నాడు, వంచినది మాత్రం నా నెత్తినే. కోణం సరిచేసి ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు.

రామచంద్రపురం బోట్లు:
ఒక్క వర్షాకాలం గడిస్తే ఆ షెడ్డులో అందరికీ తెలుస్తుంది. ఉప్పునీళ్ళ దగ్గరికి దాన్ని పంపకు. టిఫిన్ సెంటర్ వాళ్ళకి ప్లేట్లు పెట్టుకునే బల్లగా అమ్ముకో, 202 అని చెప్పి అమ్ముకో.

టూల్‌రూమ్ పెద్దాయన:
ఇంకొకటి. ఆ పార్టీ వాళ్ళు బల్ల మీద రోజంతా ఉప్పునీళ్ళు నిలబెడతారా, పని అవగానే మంచినీళ్ళతో కడుగుతారా కనుక్కో. నిలబెట్టేవాళ్ళయితే 304 కూడా చాలదు, ఉప్పుకి ఇంకా తట్టుకునే 316 రకం అడగమను. దానికి ముక్కలు మళ్ళీ కొత్తగా వంచి చూసుకో, 304 లెక్క వాడేయకు.

పాలకొల్లు షెడ్డు:
రోజూ కడుగుతారటండి, అడిగాను. 304తోనే కానిస్తున్నా. ఇవాళ ఆరో టేబుల్.