అంతరిక్ష నౌక పైకి వెళుతున్నప్పుడే అందులోవారు ఎలా తేలారు? పిల్లలకు చూపించే మార్గం చెప్పండి

కందుకూరులో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. చీరాలలో పుట్టిన బండ్ల శిరీష గారు 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ సంస్థ వారి యూనిటీ అంతరిక్ష నౌకలో వెళ్లివచ్చిన సంగతి మొన్న పాఠంలో ఎత్తాను. మన చీరాల అమ్మాయి అనేసరికి చివరి బెంచీ కూడా నిద్ర లేచింది. తల్లి విమానం దాదాపు 14 కిలోమీటర్ల ఎత్తున నౌకను వదలడం, రాకెట్టు ఒక నిమిషం మండటం, 86 కిలోమీటర్ల దాకా ఎగరడం... అంతవరకు బాగానే సాగింది.

అక్కడా భూమ్యాకర్షణ నేలమీది దానిలో 97 శాతం ఉంటుందని, నౌకా మనుషులూ కలిసి పడుతుంటారు కాబట్టే తేలుతారని చెప్పాను. అడుగున చిల్లు పెట్టిన నీళ్ల సీసాను మేడ మీది నుంచి వదిలితే, పడుతున్నంతసేపూ ధార ఆగింది. అప్పుడు ఒకడు లేచి, "ఇంజను ఆగాక కూడా నౌక పైకే పోతుంది కదా సార్, ఇక పడటమెక్కడ?" అన్నాడు.

ఇంజను ఆగిన క్షణం నుంచి అది విసిరిన బంతి లాంటిదే, పైకి వెళుతున్నా బరువు తెలియదని నా అవగాహన. ఆ లెక్కన సీసాను పైకి విసిరినా ధార ఆగాలి. విసిరాను. అది గిరగిరా తిరిగి ముందు వరుసను, ప్రధానోపాధ్యాయుల చొక్కాను తడిపింది.

సీసా తిరగకుండా విసిరే ఉపాయం ఏదైనా ఉందా? లేకపోతే ఫోనులోని యాక్సెలెరోమీటర్‌తో (త్వరణాన్ని కొలిచే పరికరంతో) దీన్ని చూపించవచ్చా? ఫోనును పరుపు మీదికి ఎగరేస్తే, పైకి వెళ్లేటప్పుడు కూడా సున్నా దగ్గరే చూపిస్తుందా? చేసి చూసినవారు చెప్పండి. సోమవారం మళ్లీ అదే తరగతి.