15 వేలల్లో పోర్ట్రెయిట్ లైటింగ్: కిట్ కొనాలా, ఒక్క లైటు చాలా?

ఖమ్మం_ముందుగది:
నమస్తే అండీ. మా ఇంటి ముందుగదిలో ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. గది 10 x 12, గోడలకు చిలకపచ్చ రంగు. ఇప్పటిదాకా కిటికీ వెలుతురే ఆధారం. సాయంత్రం నాలుగున్నర దాటితే పని ఆగిపోతోంది. వచ్చేది ఎక్కువగా ఏడాదిలోపు పిల్లలు, ఓణీల ఫంక్షన్ ఆడపిల్లలు. కెమెరా కెనాన్ 700డి, 50 ఎంఎం లెన్స్. చేతిలో 15 వేలున్నాయి. ఆన్‌లైన్‌లో రెండు సాఫ్ట్‌బాక్సులు (వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టెలు), బల్బులు, స్టాండ్లు కలిపి తక్కువకే ఇస్తున్నారు. తీసుకోమంటారా?

తెనాలి_స్టూడియో:
వద్దమ్మా. ఆ కిట్ నేను కొని బాధపడ్డాను. ఆ సీఎఫ్‌ఎల్ బల్బుల వెలుతురు కంటికి బాగానే కనిపిస్తుంది గానీ కెమెరాకు చాలదు. నాకైతే ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 1600 పెట్టినా షట్టర్ 1/60 సెకను దగ్గరే ఆగింది. పాప తల తిప్పిందంటే మొహం అలికినట్టు వచ్చేది.

గోడాక్స్ టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్ ఒకటి, అదే కంపెనీది కెనాన్‌కు సరిపడే ట్రిగ్గర్ (దూరంగా ఉన్న ఫ్లాష్‌ను కెమెరా నుంచి వెలిగించేది), స్టాండు, ఫ్లాష్‌నూ గొడుగునూ దానికి బిగించే బ్రాకెట్, వెలుతురు దూరే తెల్ల గొడుగు తీసుకో. రెండో వైపు వెలుతురు తిప్పికొట్టడానికి థర్మోకోల్ షీటు చాలు.

ఐఎస్‌ఓ 100, లెన్స్ రంధ్రం ఎఫ్/5.6, షట్టర్ 1/160తో మొదలుపెట్టి ఫ్లాష్ పవర్ సర్దుకో. షట్టర్ 1/200 దాటితే ఫోటోలో ఒక అంచున నల్ల పట్టీ పడుతుంది. గొడుగును మొహానికి మూడడుగుల్లో, పక్కకు, కళ్లకంటే కాస్త ఎత్తులో పెట్టు. దూరం జరిపితే నీడ మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. దగ్గరికి తెస్తేనే మెత్తబడుతుంది, ముక్కు పక్క నీడ అంచు కరిగిపోతుంది. పైగా మూడడుగుల నుంచి ఆరడుగులకు జరిపితే మొహం మీద పడేది నాలుగో వంతు వెలుతురే.

అన్నిటికంటే ముందు ఆ గోడల సంగతి చూడు. గొడుగు వెలుతురు గదంతా చిమ్ముతుంది. పచ్చ గోడకు తగిలి తిరిగొచ్చి దవడ కింద, మెడ మీద పచ్చగా పడుతుంది. వైట్ బ్యాలెన్స్ (ఫోటో మొత్తానికి రంగు సర్దే సెట్టింగ్) మార్చినా పోదు, ఎందుకంటే ఒక చెంప సరిగానే ఉంటుంది, రెండోది పచ్చగా ఉంటుంది. తెల్ల రంగు వేయించాకే లైటు కొను తల్లీ.

కూకట్‌పల్లి_ఫ్రేమ్స్:
అక్కా, వీడియోలు కూడా తీస్తానంటే 60 వాట్ల ఎల్‌ఈడీ ఆలోచించండి. నీడ ఎక్కడ పడుతోందో ముందే కనిపిస్తుంది. ఫోటోలే అయితే బాబాయ్ చెప్పినట్టు ఫ్లాషే మేలు. కదిలే పిల్లల్ని అదే పట్టుకుంటుంది. ఛార్జింగ్ సెల్స్ రెండు సెట్లు ఉంచుకోండి. ఫ్యాన్ గాలికి గొడుగు స్టాండుతో సహా పడిపోతుంది, పిల్లలున్న చోట అది ప్రమాదం. స్టాండు కాలి మీద ఇసుక మూట తప్పకుండా వేయండి.

ఖమ్మం_ముందుగది:
గోడలకు తెల్ల రంగు వేయించాను, ఫ్లాష్, గొడుగు వచ్చాయి. నిన్న పక్కింటి పాపకు తీస్తే రెండు కళ్లలోనూ గొడుగు తెల్ల చుక్కలా పడింది, అరగంట ఆ ఫోటోనే చూస్తూ కూర్చున్నాను. చాలా థ్యాంక్స్ బాబాయ్ గారూ. ఒక్క సందేహం: మా నాయనమ్మ కళ్లద్దాల్లో గొడుగంతా కనిపిస్తోంది. అద్దాలు తీయనంటోంది.

తెనాలి_స్టూడియో:
తీయించకమ్మా, ఆవిడ మొహం అద్దాలతోనే కదా అందరికీ తెలిసింది. స్టాండు ఒక అడుగు పైకి లేపి, ఇంకాస్త పక్కకు జరుపు. అద్దాల కాడల్ని చెవి దగ్గర కొంచెం పైకెత్తితే గాజు కిందికి వాలుతుంది, మెరుపు పోతుంది. తీశాక ఇక్కడ పెట్టు, చూస్తాను.